మండువాకి మూత

మా ఇంట్లో అడుగుపెట్టినవాళ్లెవరూ ముందు మా మొహాలు చూడరు. మెడ వెనక్కి వంచి పైకి చూస్తారు. నడింట్లో పదడుగుల ఆకాశం కనిపిస్తుంది. కాసేపు దాన్నే చూసి, ఇంట్లో ఎవరికో పెద్దరోగం బయటపడినట్టు గొంతు తగ్గించి అడుగుతారు: "దీనికి ఏం వేయిద్దామనుకుంటున్నారు?"

వేయించడం. గోదావరి జిల్లాల్లో పాత మండువా లోగిలి కొన్నవాడికి ఈ ఒక్క క్రియాపదం చాలు, జీవితాంతం సరిపోతుంది. మండువాకి షీటు వేయించు, గోడలకి సిమెంటు వేయించు, గచ్చు మీద టైల్సు వేయించు, దూలాలు కనపడకుండా ఫాల్స్ సీలింగ్ వేయించు. ఇవన్నీ వేయించుకున్నవాళ్ల ఇళ్లకి రోహిణీకార్తెలో వెళ్లి చూశాను. లోపలి మనుషులు కూడా వేగుతున్నారు.

రాజమండ్రికి దిగువన, కాలవ గట్టు పక్క ఊళ్లో ఈ ఇల్లు కొని ఆరేళ్లయింది. బేరం కుదిరేదాకా బ్రోకరు, "పాతకాలం కట్టుబడండీ, పలుగు వేస్తే పలుగే విరుగుతుంది" అన్నాడు. అడ్వాన్సు చేతిలో పడ్డ మర్నాడు అదే మనిషి అదే అరుగు మీద కూర్చుని, "ఇంటికేముందండీ, మీరిచ్చేది స్థలానికి. పడగొట్టేసి డూప్లెక్స్ లేపండి, కలప అమ్మితే కూలీ ఖర్చులు గిట్టిపోతాయి" అన్నాడు. రాత్రికి రాత్రి పలుగుని విరిచే గోడలు ఏమైపోయాయో నాకిప్పటికీ తెలీదు. అమ్మినవాళ్లు తొమ్మిదిమంది వారసులు. సంతకాలు పోగయ్యేసరికి ఒక సంవత్సరాది వెళ్లిపోయింది. రిజిస్ట్రేషన్ అయిన నెలకి వాళ్లలో ఒకాయన డల్లాస్ నుంచి వీడియో కాల్ చేసి, కళ్లనీళ్లు పెట్టుకుని, ఆ నాలుగు టేకు స్తంభాలు విడిగా అమ్ముతారా అని అడిగాడు. తన ఇంటి బేస్‌మెంట్‌లో నిలబెట్టుకుంటాడట. తాతగారి ఇల్లు వద్దు, తాతగారి స్తంభాలు కావాలి.

వాస్తు చూసినాయన గురించి ఎక్కువ చెప్పను. ఈశాన్యంలో బావి ఉందని మెచ్చుకుని, నైరుతిలో తలుపుందని నొచ్చుకుని, మొత్తానికి ఇల్లు పనికొస్తుంది గానీ గదులన్నీ మార్చాలని తేల్చాడు. అసలు పని మేస్త్రి దగ్గర మొదలైంది.

మేస్త్రి గోడ మీద బొటనవేలి గోరుతో గీశాడు. తెల్లటి పొడి రాలింది. ఆ పొడిని నా కళ్లముందు ఊది, "సున్నమండీ, దీనికి నీళ్లంటే పడదు. మొత్తం చెక్కేసి సిమెంటు కొట్టేద్దాం, మళ్లీ వందేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. ఆ మాట అన్న చోటికి కాస్త ఎగువనే ధవళేశ్వరం. 1847లో మొదలుపెట్టి 1852కల్లా కాటన్ దొర కట్టిన ఆనకట్ట రాయీ సున్నమే. అది గోదారికి అడ్డంగా, వరదల్లో, కొత్త బ్యారేజీ వచ్చేదాకా నూరేళ్లకి పైగా పనిచేసింది. నీళ్లంటే పడని సున్నం గోదారిలో అన్నాళ్లు ఎలా కాపురం చేసిందో మేస్త్రిని అడగాల్సింది. అడగలేదు. ఇంటి పని నడుస్తున్నప్పుడు మేస్త్రిని ప్రశ్నలడిగితే మర్నాడు రాడు, అది అందరికీ తెలిసిందే. పడమటి గదిలో ఒక గోడ అప్పగించాను. ఆ పాపం నాదే.

ఆ గోడ కథ కాస్త వివరంగా చెప్పాలి. కాలవ పక్క ఊరు కాబట్టి నేలలో తడి ఎప్పుడూ ఉంటుంది. పాత పునాదిలో తడిని ఆపే కట్టు ఉండదు. దీపంలో వత్తి నూనె లాక్కున్నట్టు ఇటుక ఆ తడిని పైకి లాగుతుంది. సున్నం పూత ఉన్నంతకాలం అది ఏ రోజుకారోజు గాలికి ఆరిపోయేది. మేస్త్రి సిమెంటు కొట్టి ఆ దారి మూసేశాడు. తడి మాత్రం ఊరుకుంటుందా? ఆరడానికి చోటు వెతుక్కుంటూ పైకెక్కింది. మోకాలెత్తు చెమ్మ మొదటి వానాకాలానికి నడుమెత్తయింది. దాంతోపాటు ఉప్పు పైకి తేలి, పుట్టీ పొక్కి, పెయింటు అప్పడంలా లేచి రాలింది. మేస్త్రి వచ్చి చూసి ఏదో కెమికల్ పూశాడు. చెమ్మకి అది నచ్చినట్టుంది, ఇంకో జానెడు ఎక్కింది. తర్వాత నాలుగడుగుల ఎత్తున టైల్సు అంటించాడు. అయిదో అడుగున తేలింది. "పైదాకా టైల్సు వేసేస్తే ఇక కనపడదండీ" అన్నాడు. నయం కావడానికీ కనపడకపోవడానికీ తేడా లేని వైద్యం ఇళ్లకే చేస్తారు.

ఆ టైల్సూ సిమెంటూ ఊడబెరికి మళ్లీ సున్నం పూయించడానికి గుడి పనులు చేసే ఓ ముసలి తాపీపనివాణ్ణి పట్టుకున్నాం. ఆయన సున్నమూ ఇసకా బెల్లమూ కరక్కాయలూ తెమ్మన్నాడు. ఆయుర్వేదం కొట్టులో నాలుగు కిలోల కరక్కాయలడిగితే కొట్టతను నన్ను జాలిగా చూసి, "ఇంట్లో ఎంతమందికండీ ఇబ్బంది?" అన్నాడు. గోడకని చెప్పాను. జాలి ఇంకా పెరిగింది. సున్నం తొందరపడదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువుని కొంచెం కొంచెంగా పీల్చుకుని ఏళ్లమీద మళ్లీ రాయవుతుంది. ముసలాయన ఒక్కటే చెప్పాడు: "నేను పోయాక గట్టిపడుతుంది, కంగారుపడమాకండి." ఆ గోడ ఇప్పుడు పొడిగా ఉంది. గోరుతో గీస్తే కాస్త తెల్లపొడి రాలుతుంది. రాలనీండి.

తలుపుల సంగతి ఇంకా ముచ్చటైనది. వీధి తలుపు అసలు బర్మా టేకు. ఎవరి బుద్ధో, దానికి చాక్లెట్ రంగు ఎనామిల్ వేశారు. దాని కింద ఆకుపచ్చ, దాని కింద నీలం. మా ఆవిడ పగిలిన గాజుపెంకుతో పదకొండు రోజులు గీరితే అడుగున టేకు బయటపడింది, తేనెరంగులో, గీతలు గీతలుగా. గడప దగ్గర మాత్రం పసుపు చెక్కలోకి ఇంకిపోయి ఉంది, గీరబుద్ధి కాలేదు. ఇది చూసిన మా తోడల్లుడుగారు, "ఇంత కష్టమెందుకు? దీన్ని అమ్మేసి మాలాగ టేకు డిజైన్ లామినేట్ తలుపు పెట్టించాల్సింది, అచ్చం ఇలాగే ఉంటుంది" అన్నారు. టేకుని టేకులా కనపడకుండా రంగేస్తాం, ప్లైవుడ్‌ని టేకులా కనపడేట్టు కాగితం అంటిస్తాం. రెంటికీ డబ్బులు మనమే కడతాం.

పాతంతా బంగారమని దండకం చదివేవాళ్లు కూడా తక్కువ తినలేదు. వాళ్లకి నేనేదో సంస్కృతిని కాపాడుతున్నాను. పెరటి చివర దొడ్డికి అర్ధరాత్రి వానలో గొడుగేసుకుని వెళ్లిన ఆడవాళ్లని ఒక్కసారి అడగండి, ఆ సంస్కృతి ఎలా ఉండేదో. మేం సిగ్గుపడకుండా పడగ్గదిని ఆనుకుని బాత్రూం కట్టించుకున్నాం. చెద పట్టిన వాసాలు ఆరు తీసేశాం. పందికొక్కులతో ఒప్పందం ఇంకా కుదరలేదు. ఇవేవీ అడక్కుండా, పెళ్లి కుదిరిన జంటలు మాత్రం కెమెరావాళ్లని వెంటేసుకొచ్చి అరుగు మీద కూర్చుంటాం అంటారు. "ఎంత బావుందో అండీ! మేమైతే అపార్ట్‌మెంట్ బుక్ చేశాం" అని చెప్పి వెళ్తారు.

ఇక మండువా. నాలుగు వైపుల చూరు నీళ్లూ నడుమ పడి తూములోంచి పెరట్లోకి పోతాయి. ఇంట్లో వేడెక్కిన గాలి పైకి పోతుంది, వీధి వసారాలోంచి చల్లగాలి లోపలికొస్తుంది. దీనికి కరెంటు అక్కర్లేదు, రిమోటు అక్కర్లేదు. అందుకే ఎవరికీ నమ్మకం లేదు. కోతులొస్తాయంటారు, నిజమే. ఇనపచువ్వల గ్రిల్లు పెట్టాం. దొంగలొస్తారంటారు. అదే గ్రిల్లు. వానొస్తుందంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు, అది రావడానికే పెట్టారు మరి.

ఎదురింటి మావయ్యగారు జవాబు కనుక్కున్నారు. వాళ్లదీ మండువా ఇల్లే. పైన పారదర్శకంగా ఉండే ఫైబర్ షీటు బిగించారు, వెలుగొస్తుంది వానరాదు అని. వెలుగుతోపాటు ఎండా వచ్చింది, వేడి పైకి పోయే దారి మూసుకుంది. ఫ్యాను పెట్టారు. చాలక ఏసీ పెట్టారు. ఏసీ చల్లదనం నిలవడానికి వసారాకి అల్యూమినియం అద్దాలు. అద్దాల్లోంచి గాలి రాకపోతే ఇల్లు ముక్కవాసన, దానికి గోడకి గుచ్చే సెంటు. రెండేళ్లకి షీటు అతుకుల దగ్గర కారడం మొదలై, కింద బకెట్లు. దాంతో మండువాలో వాన పడకుండా ఇంట్లో మిగతా అన్నిచోట్లా పడేది. అయినా పండక్కొచ్చినప్పుడల్లా, "మీరూ ఓ షీటు వేయించెయ్యండల్లుడూ, మా వాడికి చెప్తాను, తగ్గించి ఇస్తాడు" అనడం మానలేదు.

కిందటేడు తుపానుకి రాత్రంతా గాలి. తెల్లారి చూస్తే మా గ్రిల్లు మీద పెద్ద ఫైబర్ షీటు వాలి ఉంది, ఒక మూల విరిగి, సగం మండువాని కప్పుతూ. మధ్యాహ్నానికి మావయ్యగారు పంచె పైకి కట్టుకుని వచ్చారు. మెడ వెనక్కి వంచి చాలాసేపు పైకి చూశారు.

"మాదేనంటావా?"

"మీదే, మావయ్యగారూ. మావాడి చేత దింపించి పంపిస్తాను."

ఆయన అరుగు మీద చతికిలబడి మంచినీళ్లడిగారు. లోపల్నుంచి గాలి తగిలినట్టుంది, పైపంచె భుజం మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఎందుకులే. మళ్లీ గాలొస్తే ఎలాగూ ఇక్కడికే వస్తుంది. ఉంచు, వడియాలు పెట్టుకుంటారు."