సోఫా దిగకుండా పిల్లల్ని మేధావుల్ని చేసే మార్గం

బిడ్డకు మూడేళ్లు నిండాయి. ఎదురు ఫ్లాట్ వాళ్లబ్బాయి రంగురంగుల అయస్కాంతం పలకలతో కోట కట్టాడని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫొటో కూడా వచ్చేసింది. ఇంకా ఆలోచిస్తారేమిటి? మీరూ ఆ మాగ్నెటిక్ టైల్స్ డబ్బా ఒకటి తెచ్చేయండి. తేవడం ఎవరికైనా చేతనవును. తెచ్చాక పిల్లవాడు ఏమీ నేర్చుకోకూడదు, మీరు ఏమీ చేయకూడదు, పేరు మాత్రం రావాలి. అసలు నేర్పంతా అక్కడుంది. కింద చెప్పినట్టు చేస్తే తిరుగులేదు.

1. ముక్కల లెక్క చూసి కొనండి. ముప్ఫై పలకల డబ్బా పొరపాటున కూడా తేవద్దు. కొద్ది ముక్కలతో పిల్లవాడు మెదడు పెట్టి ఆడతాడు. నూట ఇరవై ముక్కలది తెస్తే ఒక్కసారిగా బోర్లించి, కుప్పలో రెండు నిమిషాలు కెలికి, లేచి పోతాడు. పని తేలిక. ఆ నూట ఇరవైలో స్టిక్కర్లు, అట్టముక్కలు ఎన్నో లెక్కపెట్టకండి. డబ్బా మీద ‘స్టెమ్’ అని పెద్దక్షరాలుంటే చాలు, చదువు అందులోనే ఉంది.

2. ఐఎస్‌ఐ గుర్తు కోసం వెతికి కళ్లు పాడుచేసుకోకండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే పిల్లల బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి చేశారు. బొమ్మలోంచి ఊడివచ్చే అయస్కాంతం మింగేంత చిన్నదైతే దాని బలం ఒక హద్దు దాటకూడదని ప్రమాణాల్లో రాసుకున్నారు. ఉత్త చాదస్తం! ‘అదే మాల్ సార్, డబ్బా ఒక్కటే లేదు’ అని దుకాణంవాడు అన్నాడా, సగం ధరకు కవర్లో వేయించుకోండి. మంచి రకం పలకలకు అంచులు గట్టిగా వెల్డింగ్ చేసి ఉంటాయి, చాలావాటికి మూలల్లో లోహపు రివెట్లు కూడా ఉంటాయి. ఆ చుక్కలు అందం చెడగొడతాయి కాబట్టి అవి లేనివే ఏరుకోండి. జిగురుతో అంటించినవి ఎంత నున్నగా ఉంటాయో!

3. పగిలిన పలకను పారేయకండి. డబ్బు పెట్టి కొన్నది. పగులు మీద కాస్త జిగురు రాసి మళ్లీ కుప్పలో కలిపేయండి. లోపలి అయస్కాంతం ఊడి సోఫా కిందికి దొర్లిందా, దొర్లనివ్వండి. పాకే చంటిబిడ్డ ఇంట్లో ఉంటే తనే వెతికి పెడుతుంది.

అయస్కాంతం ఒకటి మింగితే చాలాసార్లు దానంతటదే బయటికి వచ్చేస్తుంది. కథ రక్తి కట్టాలంటే రెండు మింగాలి. ఒకటి పేగులో ఒక మడతలో, రెండోది ఇంకో మడతలో ఉండి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మధ్యలో పేగు గోడ నలుగుతుంది, రక్తం ఆగుతుంది, చిల్లి పడుతుంది. పైకి కనిపించేది మాత్రం మామూలు కడుపునొప్పి, వాంతులు. కనుక మీరు తాపీగా ఉండండి. వాము నీళ్లు పట్టండి. దిష్టి తీయండి. అరటిపండు పెట్టి ‘పొద్దుటికి అదే పోతుంది’ అనండి. అనుమానం రాగానే ఏమీ తినిపించకుండా ఆసుపత్రికి పరిగెత్తి ఎక్స్‌రే తీయించే కంగారు మనుషులున్నారు. అయస్కాంతాలు ఇంకా పొట్టలోనే ఉంటే వాళ్ల పిల్లలకు డాక్టర్లు గొట్టం వేసి కోత లేకుండా తీసేస్తారు. అంతమాత్రానికి బంధువులు పళ్లు పట్టుకుని వస్తారా? రెండు రోజులు ఆగి, పెద్ద ఆపరేషను చేయించి, అప్పుడు చెప్పండి.

4. పిల్లవాడి కంటే ముందు మీరే కట్టేయండి. డబ్బాతో వచ్చిన పుస్తకంలో చివరి పేజీ తీయండి, కోట అక్కడుంటుంది. వాడు దగ్గరికి వస్తే ‘ఆగు, పడిపోతుంది’ అనండి. పూర్తయ్యాక వాణ్ణి పక్కన నిలబెట్టి ఫొటో తీసి, ‘మా వాడు ఒక్కడే కట్టాడు’ అని పెట్టండి. ఆ తర్వాత దాన్ని షోకేసులో తాళం వేయండి.

ఈ జాగ్రత్త తీసుకోకపోతే ఏమవుతుందో వినండి. వాడు సమభుజ త్రిభుజాలు ఆరు తీసుకుని ఒక చుక్క చుట్టూ పేరుస్తాడు. అవి నేలకు అంటుకుని చదునుగా ఉండిపోతాయి. ఒకటి తీసేసి మిగతా అయిదింటి అంచులూ కలుపుతాడు. మధ్యభాగం గొడుగులా పైకి లేస్తుంది! ఇంకొకటి తీస్తే మరింత నిటారుగా లేస్తుంది, మూడే మిగిలితే కోసుగా తయారవుతుంది. వాడు నోరు తెరుచుకుని మళ్లీ విప్పుతాడు, మళ్లీ కలుపుతాడు. పిలిస్తే పలకడు. ఇది చాలా ప్రమాదకరమైన స్థితి. వెంటనే ‘అన్నం చల్లారిపోతోంది’ అని కేకేయండి, వంట ఇంకా కాకపోయినా సరే.

చతురస్రాలతో డబ్బా మడిచేటప్పుడూ ఇంతే. ఆరు పలకల్ని నేల మీద పరిచి ఘనంగా మడవడానికి పదకొండు వేర్వేరు అమరికలున్నాయి. వాడు మెట్లు మెట్లుగా పేర్చినది చక్కగా మూసుకుంటే కంగారుపడకుండా విప్పేయండి. ‘అలా కాదురా, శిలువ ఆకారంలో పరచాలి, పుస్తకంలో అలాగే ఉంది’ అనండి. మిగతా పది అమరికల బెడద అంతటితో వదిలిపోతుంది.

5. ఆట మధ్యలో పరీక్ష పెట్టండి. ‘ఇదేం కలర్? ఇదేం షేప్? ఎన్ని కార్నర్స్?’ ఊపిరి తిరగనివ్వకండి. చుట్టాలొస్తే మరీ మంచిది. ‘అంకుల్‌కి హెక్సాగన్ చూపించు నాన్నా’ అని మూడుసార్లు అడిగితే నాలుగోసారి వాడు పలకల డబ్బా కనిపించగానే మంచం కింద దూరుతాడు.

6. వంటింట్లోకి పలక పట్టుకెళ్లనివ్వకండి. ఈ చిట్కా చాలామందికి తెలియదు. పలక ఫ్రిజ్‌కు అంటుకుంటుంది, బీరువాకు అంటుకుంటుంది, కిటికీ ఇనుప చువ్వలకు అంటుకుంటుంది. ఇత్తడి బిందెకూ అల్యూమినియం గిన్నెకూ అంటుకోదు. ఇంతవరకూ సర్దుకోవచ్చు. అసలు చిక్కు స్టీలు సామాను దగ్గర వస్తుంది. ఒక డబ్బాకు అంటుకుంటుంది, పక్కనున్న గ్లాసుకు అంటుకోదు. రెండూ స్టీలే కదా, ఎందుకిలా అని అడుగుతాడు. నికెల్ బాగా కలిపిన స్టీలును అయస్కాంతం సాధారణంగా పట్టించుకోదు. ఆ ముక్క మీరు చెబితే రేపు నికెల్ అంటే ఏమిటంటాడు. ‘గిన్నెలకు గీతలు పడుతున్నాయి, అవతలికి పో’ అనడం అన్నివిధాలా సుఖం.

7. కింద కూర్చోవద్దు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018 చివర్లో బొమ్మల మీద ఒక నివేదిక ఇచ్చింది. మెరుపులూ మోతలూ ఉన్న వాటికంటే సాదా బొమ్మలే నయమని, బొమ్మ కంటే దానితో ఆడుకునేటప్పుడు పెద్దవాళ్లు పక్కనుండడమే ముఖ్యమని దాని సారాంశం. వాళ్లకు ఆఫీసు కాల్స్ ఉండవు కాబోలు. మీకు మోకాళ్ల నొప్పి ఉంది, లేకపోతే నడుము ఉంది. ఆదివారమైతే ‘వారమంతా కష్టపడ్డాను’ ఉంది, మిగతా రోజుల్లో ‘ఆదివారం ఆడదాం’ ఉంది. ఈ నాలుగూ చెల్లకపోతే ఫోనిచ్చి, ఇంకో పిల్లవాడు ఇవే పలకలతో కోట కడుతున్న వీడియో పెట్టండి. ఆడినట్టూ ఉంటుంది, నేల మీద చెత్త పడదు.

ఇంట్లో తాతయ్య ఉంటే మరింత మెలకువగా ఉండండి. ఆయన ఎవరికీ చెప్పకుండా చాప వేసుకుని కూర్చుంటాడు. గోడ ఎందుకు పడిందో చెప్పడు, ‘మూల తిప్పి చూడరా’ అని మాత్రం అంటాడు. రెండో గోడ అడ్డంగా తగలగానే మొదటిది నిలబడుతుంది. అలా జరిగిన సాయంత్రం ఆయన్ను కూరగాయలకు పంపండి.

8. రెండు పేర్లు బట్టీ పట్టండి. 1837లో జర్మనీలో చిన్నపిల్లల బడి పెట్టి చెక్క ఘనాలూ గోళాలూ చేతికిచ్చిన ఫ్రోబెల్ ఒకరు. 1939లో మద్రాసు అడయారు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరి మరొకరు. టీ తాగుతూ ఈ రెండు పేర్లూ విసిరితే ఎదుటివాళ్లు ఇక మాట్లాడరు. పనిలో మునిగిన పిల్లవాడి జోలికి పోవద్దని ఆవిడ చెప్పిన సంగతి మాత్రం ఎత్తకండి.

9. ఆరు నెలల్లో వాడు ఆ డబ్బా వైపు చూడడం మానేస్తాడు. తప్పు ఎవరిదంటే వాడిదే. ‘వీడికి ఏకాగ్రత లేదండీ, వాళ్ల నాన్న పోలిక’ అని భార్య అనాలి, ‘మీ అమ్మ గారాబం’ అని భర్త అనాలి. ఈ పని ఇద్దరూ ఒకేరోజు చేయండి. పోయిన పలకల సంగతి దాచి, ‘దాదాపు కొత్తది, ఒక్కసారే వాడాం’ అని అమ్మకానికి పెట్టండి. కొనడానికి వచ్చినవాళ్లు లెక్కపెట్టబోతే కాఫీ ఇవ్వండి.

10. వచ్చిన డబ్బుకు పదింతలు కలిపి వాణ్ణి ఆన్‌లైన్ కోడింగ్ క్లాసులో చేర్చండి. మొదటి పాఠంలో తెర మీద చతురస్రాన్ని వేలితో జరిపి, దాని నెత్తిన త్రిభుజం పెట్టి ఇల్లు కట్టడం నేర్పుతారు. సర్టిఫికెట్ కూడా ఇస్తారు. లామినేషన్ చేయించి, షోకేసులో కోట ఖాళీ చేసిన చోట పెట్టండి.