జపాన్‌ను రెండుసార్లు ఓడించినవాళ్ళం

జపాన్ మళ్ళీ ఓడిపోయింది, పాపం. 2025 మే నెలలో ఒకసారి చిత్తు చేశాం. వాళ్ళు లేచి దుమ్ము దులుపుకునేలోపే డిసెంబర్ ఆఖర్న ఇంకోసారి చేశాం. ఒకే ఏడాదిలో ఒకే దేశాన్ని రెండుసార్లు దాటాలంటే మధ్యలో ఎప్పుడో వెనకబడి ఉండాలి కదా అని అడిగే వంకరబుద్ధి మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా మా మాండవిలో నా ఒక్కడికే ఉన్నట్టుంది. సిగ్నల్ అందిన ప్రతి ఫోనులోనూ విజయోత్సవమే. మా బావమరిది పంపిన బొమ్మలో గర్జించే సింహం, మూడు రంగుల జెండా, దూసుకొచ్చే బుల్లెట్ రైలు. ఆ రైలు జపాన్‌ది. ముంబై-అహ్మదాబాద్ లైను ఖర్చులో 81 శాతం జపాన్ ఇస్తానన్న అప్పే, 0.1 శాతం వడ్డీకి, 50 ఏళ్ళ గడువుతో. అప్పిచ్చినవాణ్ణి ఓడించి, వాడి రైలు బొమ్మతోనే ఊరేగడం మనకే చెల్లింది.

సరే, గెలుపు గెలుపే. ఎంత తేడాతో గెలిచామో చూద్దామని కూర్చున్నాను. మేలో నీతి ఆయోగ్ సీఈవో సుబ్రహ్మణ్యం గారు (మన తెలుగువారే, ఆ గర్వం కూడా ఖాతాలో వేసుకోండి) తాను మాట్లాడుతున్న ఆ క్షణానికే మనం నాలుగో పెద్ద ఆర్థిక వ్యవస్థ అయిపోయామన్నారు. రెండు మూడు రోజులు తిరక్కుండానే అదే నీతి ఆయోగ్ సభ్యులు విర్మానీ గారు, అయిపోలేదు, అవుతున్నాం, ఏడాది ఆఖరుకల్లా అవుతాం అన్నారు. ఇద్దరూ అప్పుడు కూర్చున్నది ఒకే ఆఫీసు. సుబ్రహ్మణ్యం గారు చూపించింది ఐఎంఎఫ్ ఏప్రిల్‌లో వేసిన అంచనా. ఏప్రిల్‌లో మొదలైన మన ఆర్థిక సంవత్సరం వచ్చే మార్చిలో కదా ముగిసేది? విత్తనం నేలలో పడకముందే దిగుబడి తూకం వేసి రసీదు చేతిలో పెట్టారన్నమాట.

ఆ రసీదు మీద ఏముందంటే, మనకు 4,18,702 కోట్ల డాలర్లు, జపాన్‌కు 4,18,643 కోట్ల డాలర్లు. తేడా 59 కోట్ల డాలర్లు. అప్పటి ధర, డాలరుకు 85 రూపాయల లెక్కన, ఐదు వేల కోట్ల రూపాయలు. దాన్ని 146 కోట్ల మందికి పంచాను. తలకు 34 రూపాయలు వచ్చింది. ఎక్కడో పొరపాటు పడ్డానేమోనని మళ్ళీ చేశాను. 34 రూపాయలే.

అంటే, మూడు టీలు, ఒక బిస్కట్. ఈ దేశంలో ప్రతి మనిషీ ఏడాది మొత్తంలో మూడు టీలు, ఒక బిస్కట్ మానుకుంటే మనం దబ్బున ఐదో స్థానంలో పడతాం. మా డాక్టరు షుగరుందని నన్ను టీ తగ్గించమన్నాడు. ఆయన జపాన్ మనిషని ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు. ఇకమీదట బస్టాండు హోటల్లో ఎవరైనా "వద్దులే, ఇప్పుడే తాగొచ్చాను" అంటే దేశద్రోహం కిందే లెక్క. తాగాలి. దేశం కోసం తాగాలి. ఆ బిస్కట్ కూడా ముంచుకు తినాలి.

టీ సంగతి పక్కన పెట్టి రూపాయి దగ్గరకు వద్దాం. మిగతావన్నీ ఉన్నచోటే ఉండి, డాలరుతో మన రూపాయి పైసాన్నర జారిందనుకోండి. ఆ 59 కోట్ల ఆధిక్యం గోవిందా. జారింది ఎంత? మేలో 85 దగ్గరున్న డాలరు డిసెంబర్‌లో 90 దాటింది. అందులో ఎన్ని పైసాన్నరలున్నాయో బావమరిదిని లెక్క కట్టమన్నాను. వాడు నాకు ఇంకో సింహాన్ని పంపాడు.

అక్టోబర్‌లో అదే ఐఎంఎఫ్ అంకెలు సవరించి జపాన్ 4.28 లక్షల కోట్ల డాలర్లు, మనం 4.13 లక్షల కోట్లు అని తేల్చింది. జపాన్ నాలుగు, మనం ఐదు. ఆ వార్తకు సింహం గర్జించలేదు, ఎవరూ ఫ్లెక్సీ కట్టలేదు. నవంబర్‌లో మన జాతీయ ఆదాయ లెక్కల నాణ్యతకు ఐఎంఎఫ్ 'సీ' గ్రేడు వేసింది. అదీ ఎవరికీ వినబడలేదు. డిసెంబర్ ఆఖర్న ప్రభుత్వం మళ్ళీ లేచి 4.18 లక్షల కోట్లతో నాలుగో స్థానం మనదే అంది. 4.18! ఏప్రిల్ అంచనా చొక్కా మార్చుకోకుండా వచ్చి నిలబడితే గుర్తుపట్టనంత ముసలివాణ్ణి కాలేదు నేను.

జపాన్ కిందికి ఎందుకు దిగిందో కూడా చూశాను. 2012లో వాళ్ళది ఆరు లక్షల కోట్ల డాలర్ల పైమాట. అప్పుడు డాలరుకు 80 యెన్లు, 2025లో 150 దరిదాపు. ఫ్యాక్టరీలు అక్కడే ఉన్నాయి, రైళ్ళు నిమిషం తేడా లేకుండా నడుస్తూనే ఉన్నాయి, డబ్బు విలువ పడింది. మనం పెరగలేదని అనను, పెరిగాం. కానీ వాళ్ళ యెన్, మన రూపాయి రెండూ జారుతుంటే ఎవరు తక్కువ జారారని చూసి టపాకాయలు కాల్చడం నాకు చేతకాదు. పైగా వాళ్ళు పన్నెండు కోట్ల పైచిలుకు, మనం 146 కోట్లు. పన్నెండు మంది ఒక వైపు, నూట నలభై ఆరు మంది ఇంకో వైపు నిలబడి తాడు లాగి, బొటాబొటిగా గెలిచి, మీసం మెలేసినట్టుంది. తలసరి లెక్కలో జపాన్ మనిషిది 34,000 డాలర్ల దరిదాపు. మనది 2,900 దరిదాపు. ఈ రెండో లెక్కకు ఫ్లెక్సీ వేయమంటే గుడ్డ చాలదంటారు.

మిగతా గర్వాల సంగతి తొందరగా కానిచ్చేస్తాను. రావణుడికి ఇరవై నాలుగు రకాల విమానాలుండేవని 2019లో సైన్స్ కాంగ్రెస్‌లో చెప్పింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరే. డాలర్ల లెక్కలో అప్పుడు లంక ఎన్నో స్థానంలో ఉందో ఆయన చెప్పలేదు. దీపావళి 2025 డిసెంబర్‌లో యునెస్కో జాబితాకెక్కింది కాబట్టి ఇక ధైర్యంగా జరుపుకోవచ్చు. 2047కల్లా మూడు లక్షల కోట్ల డాలర్లని తెలంగాణ, 2.4 లక్షల కోట్లని ఆంధ్ర పాడుకుంటున్నాయి. మన సరుకు మీద 50 శాతం సుంకం బాదిన అమెరికా పెద్దమనిషి పేరు హైదరాబాద్‌లో ఒక రోడ్డుకు పెడతామంది తెలంగాణ సర్కారు, అది మాత్రం శుద్ధమైన ఆత్మగౌరవం. తెలుగుకు 2008లో, మరాఠీకి 2024లో ప్రాచీన హోదా దక్కింది. మా కిన్వట్ తాలూకా గూడేల్లో మాట్లాడే గోండీకి, కొలామీకి, తండాల్లో మాట్లాడే గోర్ భాషకు ఎనిమిదో షెడ్యూల్లో మూలన చాప వేసే చోటు కూడా లేదు.

ఇక నిజాం గెజెట్ సంగతి. ఔరంగాబాద్ పేరు పరాయి వాసన కొడుతోందని ఊరి బోర్డు, జిల్లా బోర్డు, చివరకు రైల్వే స్టేషన్ బోర్డు కూడా మార్చారు. 2025 సెప్టెంబర్ 2న అదే మహారాష్ట్ర ప్రభుత్వం, రిజర్వేషన్ కోసం మరాఠాలకు కున్బీ సర్టిఫికెట్లు ఇవ్వడానికి నిజాం కాలపు హైదరాబాద్ గెజెట్ ఆధారమని జీవో ఇచ్చింది. సెప్టెంబర్ 17న, నిజాం నుంచి విముక్తి అయిన రోజని, మా మరాఠ్వాడా అంతటా జెండా ఎగరేశారు. పదిహేను రోజుల వ్యవధిలో నిజాంకు దండం, నిజాం మీద దండయాత్ర రెండూ ముగించిన వేగం జపాన్ రైలుకు కూడా లేదు. అదే గెజెట్ పట్టుకుని బంజారాలు మేమూ ఎస్టీలమే కదా అని రోడ్డెక్కారు. సరిహద్దుకు అవతల ఆదిలాబాద్ తండాలో లంబాడా 1976 చట్టంతో ఎస్టీ. ఇవతల మా తండాలో అతని సొంత మేనల్లుడు విముక్త జాతి. పిల్లను ఇచ్చి పుచ్చుకుంటారు, రిజర్వేషన్ మాత్రం సరిహద్దు రాళ్ళ దగ్గర ఆగిపోతుంది. ఆ రాళ్ళు 1956 నవంబర్ 1న పాతినవి. అంతకుముందు కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోదే.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. ఇక నవ్వు రావడం లేదు.

2023 ఆగస్టు 23న చంద్రయాన్ దిగింది. నాకూ ఒళ్ళు పులకరించింది, అబద్ధం ఎందుకు. సెప్టెంబర్ 9, 10 తేదీల్లో ఢిల్లీలో జీ20 జరిగింది. అతిథులకు వెండి పూత కంచాలు పెట్టాం. అప్పటికే ఐదో స్థానంలో ఉన్నాం. మూడు వారాలు గడిచాయి. మా జిల్లా కేంద్రం నాందేడ్‌లో, శంకర్‌రావ్ చవాన్ పేరు పెట్టుకున్న ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రిలో ఒక్క రోజులో 24 మంది చనిపోయారు. అందులో 12 మంది అప్పుడే పుట్టిన పసికందులు. 48 గంటలయ్యేసరికి లెక్క 31కి చేరింది. మందుల్లేవని బంధువులు, ఉన్నాయని అధికారులు. మా కిన్వట్ ఏ లోక్‌సభ స్థానంలో ఉందో ఆ హింగోలీ ఎంపీ గారు ఆస్పత్రికి వెళ్ళి, కెమెరాల ముందు డీన్ చేతికి చీపురిచ్చి మరుగుదొడ్డి కడిగించారు. దాని మీద కేసయింది. ఆ పిల్లలు మాత్రం పోయారు. ఏ దేశపు జీడీపీలో కలుపుతారు వాళ్ళని? మాండవి మనిషికి ప్రాణం మీదకొస్తే ఇప్పటికీ జిల్లా కేంద్రం గుర్తు రాదు, పొరుగు రాష్ట్రంలోని ఆదిలాబాద్ రిమ్స్ గుర్తొస్తుంది. నాలుగో ఆర్థిక వ్యవస్థలో నెలకు ఐదు కిలోల ఉచిత బియ్యమో గోధుమలో అందుకునే జనం 80 కోట్లని ప్రభుత్వమే అంటోంది, ఆ పథకాన్ని 2024 నుంచి ఇంకో ఐదేళ్ళు పొడిగించింది. బియ్యం ఇవ్వడం మంచిదే, ఇవ్వండి. ఆ బియ్యం సంచి మీద, ఈ విజయోత్సవం మీద ఒకే ముఖం నవ్వుతుంటే కడుపు మండుతుంది.

ఇక్కడ నల్లరేగడిలో వానను నమ్ముకుని పండేది పత్తి. అమెరికా సుంకం పడిన 2025 ఆగస్టులోనే, మనం బయటి పత్తి మీదున్న 11 శాతం సుంకం ఎత్తేశాం. ముందు సెప్టెంబర్ ఆఖరుదాకా అన్నారు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు, సరిగ్గా మా పత్తి ఇంటికొచ్చే రోజులు. తిట్టినవాడికి తలుపు తీసి, ఇంట్లోవాడికి గడియ పెట్టడమే మన స్వదేశీ. 2025-26లో పొడవు పింజకు క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర ఉండేది కాగితం మీద. అది కావాలంటే యాప్‌లో పేరెక్కాలి, సాత్‌బారా (భూమి పత్రం) పెట్టాలి, పంట నమోదు ఉండాలి, తేమ 12 శాతం దాటకూడదు. సెప్టెంబర్‌లో పొలాల్లో నీళ్ళు నిలబడ్డ ఏడు అది, తేమ దాటకపోతే వింత. మీటర్ గుచ్చి తల అడ్డంగా ఊపగానే బండి వ్యాపారి దగ్గరికి తిరుగుతుంది, అతను చెప్పిందే ధర. 2023లో మరాఠ్వాడా ఎనిమిది జిల్లాల్లో వెయ్యి మందికి పైగా రైతులు ప్రాణం తీసుకున్నారు. ఆ పట్టికలో మనం ఎన్నో స్థానమో ఎవరూ ప్రకటించరు.

నాందేడ్ సరిహద్దు ఊళ్ళవాళ్ళు కొన్నాళ్ళ కింద మమ్మల్ని తెలంగాణలో కలపండని అడిగారు. పౌరుషం చచ్చిపోయిందా అని ముంబైలో పెద్దవాళ్ళు ఈసడించారు. ఆ ఊళ్ళవాళ్ళు అడిగింది రైతుబంధు, కరెంటు, పింఛను. తెలంగాణ ముఖ్యమంత్రిగా ఉన్న కేసీఆర్ 2023 ఫిబ్రవరిలో నాందేడ్ వచ్చి రైతు సర్కారు అని నినాదమిచ్చి, ఆ ఏడాది చివర్న సొంత రాష్ట్రంలోనే ఓడిపోయారు. కథ అక్కడితో ముగిసింది. అడిగినవాళ్ళ కరెంటు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

రెండున్నర, మూడేళ్ళలో జర్మనీని కూడా దాటేస్తామని డిసెంబర్ ప్రకటనలోనే ఉంది. దాటండి, జర్మనీ మీద నాకేమీ ప్రేమ లేదు. ఒక్కటే మనవి. ఆ గెలుపు తేదీ నాలుగు రోజుల ముందు చెప్పండి. సంబరానికి సెలవిచ్చి కొనుగోలు కేంద్రం మూస్తారు కదా, ఆ రోజు మేం పత్తి బండి కట్టం.