పెళ్లికి క్రిప్టో కార్డు ఇవ్వాలనుకునేవాళ్లకు కొన్ని పెడసరపు సలహాలు

ప్రొద్దుటూరులో పెళ్లికి పెట్టుపోతలంటే ఇప్పటికీ బంగారమే. రెండో బొంబాయి అని పేరు పడ్డ ఊరికి అది సహజం. అయితే బెంగళూరులో, హైదరాబాదులో కొలువులు చేస్తున్న మన పిల్లలు కొందరు బావమరిది పెళ్లికి, చెల్లెలి సీమంతానికి బిట్‌కాయిన్ గిఫ్ట్ కార్డు ఇవ్వాలని ముచ్చటపడుతున్నారు. అందుకు సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. పేరు కొట్టి, బొమ్మ ఎంచుకుంటే క్యూఆర్ కోడ్‌తో సహా కార్డు చేతికొస్తుంది. ఇవ్వండి, కాదనను. కానీ ఆ సాఫ్ట్‌వేర్ ఏది సులువంటుందో దానికి అడ్డంగా నడవండి. వినడానికి పెడసరంగా ఉన్నా నా సలహా అదే.

మొదటి పని, ఇంటర్నెట్ ఆపేయడం. ఇంటర్నెట్ సొమ్ముకు ఇంటర్నెట్ వద్దనడమేంటని అడుగుతారు. కార్డు మీద ఉండేవి రెండు కోడ్‌లు. ఒకటి సొమ్ము వేసే చిరునామా, రెండోది సొమ్ము తీసే రహస్య తాళం. ఆ తాళం ఎవరి కంటపడితే సొమ్ము వాళ్లదే. ఓటీపీ రాదు, మొరపెట్టుకోవడానికి బ్యాంకు మేనేజరూ లేడు. బంగారమైతే గీటురాయి మీద గీసి చూస్తాం, తాళం మంచిదో కాదో కంటితో తేల్చే దారి లేదు. వాలెట్‌జనరేటర్ అనే సైటు సంగతి చూడండి. వెయ్యి తాళాలు అడిగితే వేరువేరుగా ఉన్నవి 120 మాత్రమే వచ్చాయని 2019లో మైక్రిప్టో సంస్థవాళ్లు పరీక్షించి బయటపెట్టారు. అంటే ఒకే తాళం పదిమందికి పోయే ప్రమాదం. కాబట్టి బ్రౌజర్లో కార్డు చేసే సైట్ల జోలికి పోవద్దు. సోర్స్ కోడ్ అందరూ చూడగలిగే ప్రోగ్రాం దించుకుని, దాని డిజిటల్ సంతకం సరిచూసి, పెన్‌డ్రైవ్ మీద నడిచే ఉబుంటులో, వైఫై తీసేసిన పాత ల్యాప్‌టాప్‌లో నడపండి. ఆపితే అందులో ఏమీ మిగలదు.

రెండోది, ప్రింటు తీయొద్దు. అందరికీ కోపమొచ్చేది ఇక్కడే. కార్డు అందమంతా ప్రింటులోనే కదా! మన ఊళ్లలో ప్రింటు ఎలా తీస్తారో తలుచుకోండి. పీడీఎఫ్‌ను జిరాక్సు షాపు వాట్సాప్ నంబరుకు పంపుతాం. అది షాపు కంప్యూటరు డౌన్‌లోడ్స్‌లో ఆధార్ కార్డులు, హాల్‌టికెట్లు, పట్టాదారు పాస్‌బుక్కుల మధ్య నెలల తరబడి పడి ఉంటుంది. మీ బావమరిది పెళ్లి కానుక అక్కడ అందరికీ తెరిచి పెట్టినట్టే. అందుకని పన్నెండు పదాల తాళం ఇచ్చే ప్రోగ్రాం వాడండి. దళసరి అట్ట మీద బాల్‌పెన్నుతో, ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో, వరుస నంబర్లతో మీ చేత్తోనే రాయండి. ఆ పదాలన్నీ 2,048 పదాల జాబితాలోంచి వచ్చేవే, ఏ రెండిటికీ మొదటి నాలుగక్షరాలు ఒకటి కావు. చివర అక్షరాలు అలుక్కుపోయినా పదం దొరుకుతుంది. చేతిరాత వంకరగా ఉంటే ఉండనీ.

మూడోది, మైకులో చదివించొద్దు. "ఏం అబ్బోడా, ఇచ్చేది నలుగురికీ తెలియకపోతే ఎట్లరా?" అని పులివెందుల మామ అడుగుతాడు. తెలియకూడదు మామా! 2013 డిసెంబరులో బ్లూంబర్గ్ టీవీలో మ్యాట్ మిల్లర్ అనే యాంకర్ తోటి యాంకర్లకు బిట్‌కాయిన్ కాగితాలు కానుకిచ్చాడు. కోడ్ కొద్ది సెకన్లు తెర మీద కనిపించింది. చూస్తున్న ఒకాయన ఫోనుతో స్కాన్ చేసి 20 డాలర్లు తీసేసుకున్నాడు. మన కల్యాణ మంటపంలో వీడియో, డ్రోను, వచ్చినవాళ్ల చేతుల్లో ఫోన్లు! కవర్లో 516 రూపాయలు పెట్టి చదివించండి. కార్డు మాత్రం మర్నాడు, మంటపం ఖాళీ అయ్యాక చేతికివ్వండి.

ఇచ్చేటప్పుడు "నన్ను నమ్మొద్దు, ఈ రాత్రికే సొమ్ము నీ వాలెట్లోకి మార్చుకో" అని మీ నోటితోనే చెప్పండి. కానుకిచ్చేవాడు అలా అంటే బాగోదని తెలుసు. కానీ తాళం మీరు చూశారు కాబట్టి, మార్చుకునేదాకా ఆ సొమ్ము సగం మీదే. మీ దగ్గర నకలు ఉంచుకోవద్దు. కార్డు పోతే పోయింది. ఆ నష్టం మీ రెండిళ్ల మధ్య అనుమానం కంటే తక్కువ. పోయినా బాధపడనంత సొమ్మే వేయండి. మరీ ఐదొందలు వేస్తే, తీసుకునే రోజు నెట్‌వర్క్ రుసుమే దాన్ని మింగేయవచ్చు.

కార్డు మీద రూపాయల్లో విలువ రాయొద్దు. రేపటికి అది అబద్ధమవుతుంది. ఎన్ని సతోషీలో రాయండి. ఒక బిట్‌కాయిన్‌కు పది కోట్ల సతోషీలు.

పన్ను సంగతి కూడా చెప్పే ఇవ్వండి. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో అమ్మితే వచ్చే లాభం మీద 30 శాతం పన్ను. ఒకదాంట్లో నష్టాన్ని ఇంకోదాని లాభంలో తీసేసుకోనివ్వరు. పెళ్లికి వచ్చిన కానుక మీద పెళ్లికొడుకుకో పెళ్లికూతురికో పన్ను లేదు. పెళ్లి కాని సందర్భంలో, బంధువు కానివాళ్ల నుంచి ఏడాదికి 50 వేలు దాటితే మాత్రం పన్ను కట్టాలి.

ఇక పెద్దవాళ్లకు ఇవ్వొద్దు. జమ్మలమడుగులో ఒంటరిగా ఉండే అవ్వకు ఈ కార్డు ఇస్తే, దాంతో పాటు ఆమెకు ఒక కొత్త భయాన్నీ ఇచ్చినట్టే. ఆమెకు గాజులు కొనివ్వండి. కార్డు ఇవ్వకపోయినా ఆమె పక్కన కూర్చుని ఒక్కమాట చెప్పండి: పోలీసులమనో, కరెంటు ఆఫీసనో ఫోన్ చేసి గిఫ్ట్ కార్డు కొనమన్నా, కోడ్ చదవమన్నా, పన్నెండు పదాలు అడిగినా వాడు దొంగ. వెంటనే ఫోన్ పెట్టేసి 1930కి కొట్టమనండి. సైబర్ మోసాల ఫిర్యాదుకు దేశమంతటా ఆ నంబరే.