కంపెనీగారికి నమస్కారం

మా రోజుల్లో అప్పిచ్చినవాడు మనిషి. కొట్టు అరుగు మీదే కూర్చునేవాడు. వడ్డీలో తేడా చేస్తే నలుగురం వెళ్లి నిలదీసేవాళ్లం. మర్నాడు ఊళ్లో తల ఎత్తుకోలేకపోయేవాడు. ఇప్పుడు అప్పిచ్చేది కంపెనీ, ఎవర్ని నిలదీస్తాం? ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంది. నొక్కీ నొక్కీ వేలు అరగాల్సిందే.

చట్టం ప్రకారం ఆ కంపెనీ కూడా ఒక వ్యక్తేనట. ఇదేం కొత్త సంగతి కాదు. మా నాన్న పుట్టకముందే, 1896లో, లండన్‌లో సాలమన్ అనే బూట్ల వ్యాపారి కేసులో తేల్చేశారు: కంపెనీ వేరు, పెట్టినవాడు వేరు. ఆస్తి కొనాలన్నా, కోర్టుకెక్కాలన్నా ఆ ఏర్పాటు ఉండాల్సిందే. గుళ్లో దేవుడికీ చట్టం ఆ హోదా ఇచ్చింది, ఆయన పేరనే మాన్యాలున్నాయి. ఆయన మాత్రం ఏ పార్టీకీ చందా ఇచ్చి ఎరుగడు!

నా గోలంతా ఆ చందాల గురించే. కంపెనీ పౌరుడు కాదని 1963లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 1969లో ఇందిరమ్మ ప్రభుత్వం పార్టీలకు కంపెనీల చందాలనే నిషేధించింది. బల్లకింద ఇచ్చుకోలేదా అంటే ఇచ్చుకున్నారు, కాకపోతే భయపడుతూ ఇచ్చారు. 1985లో మళ్లీ తలుపు తీశారు, లాభంలో 5 శాతం దాకా అని. 2013లో అది ఏడున్నర అయింది. 2017లో హద్దే ఎత్తేశారు, ఏ పార్టీకిచ్చారో చెప్పనక్కర్లేదన్నారు. నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా దానకర్ణుడు కావచ్చన్నమాట! 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సవరణనూ, పేరు చెప్పకుండా చందా ఇచ్చే ఎన్నికల బాండ్లనూ కొట్టేసి, కంపెనీ పలుకుబడీ మామూలు మనిషి పలుకుబడీ ఒకటి కాదంది. ఈలోపు ఎన్ని ఎన్నికలు గడిచిపోయాయో!

శిక్ష దగ్గరకొచ్చేసరికి మాత్రం ఈ వ్యక్తి కనిపించడు. మా రోజుల్లో సైకిలుకి దీపం లేకపోతే పోలీసు ఆపి స్టేషన్లో నిలబెట్టేవాడు. భోపాల్‌లో 1984లో ఫ్యాక్టరీ విషవాయువుకు వేలమంది పోతే, 2010లో యూనియన్ కార్బైడ్ ఇండియాకు పడింది రూ.5 లక్షల జరిమానా. జైలుకి పంపడానికి దానికి ఒళ్లేదీ? అప్పటికే పేరు కూడా మార్చుకుంది.

"ఇలా అంటే పెట్టుబడులు రావు తాతయ్యా" అంటాడు మా మనవడు. ఆస్తి హక్కు ఉంచుకోమనరా, వద్దన్నదెవరు? ఓటరు జాబితాలో పేరు లేనివాడికి ఎన్నికల్లో చందా హక్కెందుకు? యజమానికి అంత ప్రేముంటే సొంత జేబులోంచి, సొంత పేరుతో ఇవ్వమనండి.