కంట్రోల్ బాబాయి

పాల్వంచలో కంట్రోల్ అనే మాటకు మూడర్థాలున్నాయి. థర్మల్ కాలనీలో అడిగితే కంట్రోల్ రూమ్ అంటారు. బజార్లో అడిగితే రేషన్ దుకాణం. ముసలమ్మలు ఇప్పటికీ కంట్రోల్ బియ్యమనే అంటారు. సాయంత్రం నాలుగున్నర దాటాక గ్రౌండు దగ్గర అడిగితే మాత్రం వేపచెట్టు వైపు చెయ్యి చూపిస్తారు. అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో, మెడ చుట్టూ తుండుగుడ్డతో, స్టీలు గ్లాసులో టీ పట్టుకుని ఒక బాబాయి కూర్చుని ఉంటాడు.

ఈ జాతి మా ఊళ్లోనే ఉందనుకోకండి. కొత్తగూడెంలో ఉంటాడు, భద్రాచలంలో ఉంటాడు, గ్రౌండూ చెట్టూ ఉన్న ప్రతిచోటా ఉంటాడు. రిటైరై ఉంటాడు. ఆయన ఆడగా చూసినవాళ్లెవరూ ఉండరు. కుర్చీ వేసుకునే చోటు మాత్రం లెక్క ప్రకారం ఉంటుంది: ఎంపైరుకు ఆయన మాట వినబడాలి, ఎంపైరు గొణిగింది మాత్రం ఆయనకు వినబడకూడదు.

మా బాబాయి కేటీపీఎస్ థర్మల్ ప్లాంటు కంట్రోల్ రూమ్‌లో చేసి రిటైరయ్యాడు. అక్కడ ఏం చేసేవాడో కాలనీలో ఎవరికీ తేలలేదు. ఆయన్ని అడిగితే "కంట్రోల్" అంటాడు, అంతే. మనిషిని యంత్రం ఎంత చూసిందో, యంత్రాన్ని మనిషి ఎంత చూశాడో ఆ ఒక్క మాటలోనే సర్దుకోవాలి.

ఇక నేను డ్రిల్లు మాస్టర్ని. ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పిస్తాను, స్కూల్ గేమ్స్ సెలక్షన్లకు పంపిస్తాను. పేరులోనే మెత్తదనం. బంతి చుట్టుకొలత 12 అంగుళాలు, గట్టిదనం సంగతి తగిలినవాళ్లను అడగండి. 1887లో షికాగోలో ఒక బోట్ క్లబ్బులో బాక్సింగ్ గ్లోవును తాడుతో చుట్టి బంతి చేసుకుని, చీపురుకర్రతో కొడుతూ మొదలెట్టిన ఆట ఇది. ఈ ముక్క బాబాయికి చెప్పి తప్పు చేశాను. "చీపురుకర్రతో పుట్టిన ఆటకు ఇన్ని రూళ్లెందుకు సారూ?" అన్నాడు. అప్పటినుంచి నేను రూల్ పుస్తకం తెరిస్తే చాలు, ఊడ్చే కర్ర ఏదని అడుగుతాడు.

గొడవ మొదలైంది ఒక క్యాచ్ దగ్గర. రైట్ ఫీల్డులో ఏడో తరగతి పిల్ల. గ్లోవు ఆ పిల్ల ముఖమంత ఉంటుంది, అందులో సగం చోటు ఖాళీ. బంతి పైకి లేచింది. పిల్ల రెండడుగులు వెనక్కి, ఒకడుగు ముందుకు వేసి, నోరు తెరిచి, గ్లోవు తెరిచి పట్టేసింది. కుడిచెయ్యి గ్లోవులో పెట్టి బంతి బయటికి తీసింది. విసరబోతుంటే వేళ్ల మధ్యనుంచి జారి కిందపడింది. "అవుట్" అన్నాను.

"ఏంది సారూ! కిందపడె గదా!"

"పట్టాకే పడింది బాబాయ్."

"ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టినా. మూడు అనకముందే పడింది."

ఇదీ ఆయన శాస్త్రం. గల్లీ క్రికెట్‌లో ఏ మహానుభావుడు పెట్టాడో గాని, మూడు లెక్కపెట్టేదాకా బంతి చేతిలో ఉంటేనే క్యాచ్ అని ఆయన నమ్మకం. పైగా ఆ లెక్క ఒక వేగంతో నడవదు. తనకు నచ్చిన జట్టు పట్టుకుంటే బస్సు కోసం పరుగెత్తేవాడిలా లెక్కపెడతాడు. నచ్చని జట్టు పట్టుకుంటే ఒకటికీ రెండుకీ మధ్య ఒక గుక్క టీ.

నిజానికి సాఫ్ట్‌బాల్ రూల్లో సెకన్ల ఊసే లేదు. ఫీల్డరు బంతి మీద పట్టు చూపించాలి, బంతిని వదిలితే తన ఇష్టంతో, కావాలని వదలాలి. విసరడానికి బంతిని చేతిలోకి తీసుకున్నాక జారితే క్యాచ్ పోదు, ఎందుకంటే ఆ పిల్ల అప్పటికే పట్టడం ముగించి విసరడంలోకి వచ్చేసింది. అదే పట్టీపట్టకుండా ఇంకో పిల్లను గుద్దుకునో, నేల మీద పడో బంతి జారవిడిస్తే క్యాచ్ లేదు. నేలను తాకి లేచిన బంతిని గ్లోవులోకి నొక్కినా లేదు. ఇదంతా చెప్పాను. బాబాయి విని, గ్లాసు కింద పెట్టి, "గిబ్స్ సంగతి ఏంది మరి?" అన్నాడు.

గిబ్స్ ఈయన జేబులో ఉంటాడు. 1999 ప్రపంచకప్, హెడింగ్లీ. 56 మీదున్న స్టీవ్ వా క్యాచ్ హెర్షెల్ గిబ్స్ చేతుల్లో పడింది. పండగ చేసుకోవడానికి పైకి విసరబోయాడు, బంతి జారింది. వా 120 కొట్టి నాటౌట్‌గా మ్యాచ్ గెలిపించాడు. క్రికెట్‌లో బంతి మీదా, తన ఒంటి కదలిక మీదా ఫీల్డరుకు పూర్తి పట్టు రావాలి, అది రాకముందే విసరబోయాడు గనక అవుట్ ఇవ్వలేదు. సంగతేమిటంటే, గిబ్స్ కథ మూడు లెక్కకు సాక్ష్యం కాదు, పట్టు అన్న మాటకే సాక్ష్యం. కాని ఆ కథ బాబాయి చెబుతుంటే గిబ్స్ ఒకటి, రెండు దాకా వచ్చి ఆగిపోయినట్టే ఉంటుంది.

ఈ లెక్క గ్రౌండులో ఆగితే నేను రాసేవాణ్ని కాదు. కాలనీలో పెళ్లిచూపులైతే "బంతి గ్లోవును తాకింది" అంటాడు. తాంబూలాలిస్తే గ్లోవులో పడిందంటాడు. అప్పగింతల్లో పిల్ల తల్లి ఏడుస్తుంటే పక్కన నిలబడి "ఇంకా చెప్పలేం" అంటాడు. అవతలివాళ్లు ఆయన్ని కొట్టకపోవడం మా ఊరి మంచితనం. 2024 ఆగస్టు 5న పాత ప్లాంటు ఎనిమిది కూలింగ్ టవర్లనూ పేల్చి కూల్చేశారు. ఎన్నో ఏళ్లు ఊరికి ఆనవాలుగా నిలబడ్డవి, జనం కళ్లు తుడుచుకున్నారు. ఈయన మాత్రం దుమ్ము అణిగేదాకా ఒప్పుకోలేదట. "పడిందని కనబడాల గదా" అన్నాడట.

ఆ రైట్ ఫీల్డు పిల్ల తగాదా వారంపాటు తెగలేదు. ఆ పిల్ల పాపం బంతి పట్టినప్పుడల్లా గ్లోవును గుండెకు హత్తుకుని, వేపచెట్టు వైపు చూస్తూ మనసులో అంకెలు లెక్కపెట్టుకునేది. ఈలోగా రన్నర్లు హాయిగా బేసులు మారిపోయేవాళ్లు. సాఫ్ట్‌బాల్లో ఇంకో మెలిక ఉంది: పైకి లేచిన బంతి ఫీల్డరును తాకగానే రన్నరు బేసు వదిలి పరుగెత్తొచ్చు. బ్యాటరు అవుటవ్వాలంటే పట్టు కుదిరేదాకా ఆగాలి. రన్నరుకు ఆ ఆగడం లేదు. అంటే బాబాయి లెక్క పుణ్యాన మా జట్టు పరుగులు సమర్పించుకుంటోంది.

ఒకరోజు ఇక ఊరుకోలేక అడిగాను. "బాబాయ్, కిన్నెరసాని గేట్లెత్తి నీళ్లు వదిలితే డ్యామ్ కంట్రోల్ తప్పినట్టా?"

ఆ నీళ్లతోనే ఆయన ప్లాంటు నడిచింది. "అదెట్లా? మనమే గదా వదిలేది" అన్నాడు.

"గట్టు మీదనుంచి పొర్లితే?"

"అది తప్పినట్టు."

"మరి ఆ పిల్ల గేటెత్తింది. గట్టు పొర్లలేదు."

బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. టీ చల్లారింది. తుండుగుడ్డతో మూతి తుడుచుకున్నాడు, తాగకుండానే. ఆ సాయంత్రం నేను ఇంటికి వెళ్తూ సైకిలు మీద ఈల వేశానని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

మర్నాడు గ్రౌండుకు వెళ్లేసరికి నలుగురు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని చెబుతున్నాడు. "గేటెత్తితే క్యాచ్. గట్టు పొర్లితే లేదు. ఈ సంగతి మీ సారుకు ఎన్నేళ్లనుంచి చెబుతున్నా, బుర్రకెక్కదు." నన్ను చూసి తలూపాడు, నేర్చుకుంటే నేర్చుకోమన్నట్టు.

ఆ రోజే సెంటర్ ఫీల్డు పిల్లా, లెఫ్ట్ ఫీల్డు పిల్లా ఒకే బంతికి పరుగెత్తి గుద్దుకున్నారు. గ్లోవులోని బంతి గడ్డిలోకి దొర్లింది. "లేదు" అన్నాను. చెట్టు కిందనుంచి "గట్టు తెగింది, సారు కరెక్టే" అని వినబడింది. నా ఉద్యోగంలో అందుకున్న ఏకైక సర్టిఫికెట్ అది.

పోయిన నెల ఒక ఫౌల్ బంతి గ్రౌండు దాటి నేరుగా వేపచెట్టు మీదికి లేచింది. కొమ్మల్లో తగిలి, ఆకులు రాల్చుకుంటూ దిగింది. బాబాయి లేవలేదు. మెడలోని తుండుగుడ్డ తీసి రెండు చేతులతో ఒళ్లో చాపాడు. బంతి అందులో పడింది, టీ గ్లాసు బోర్లా పడింది. పిల్లలంతా ఒక్క గొంతుతో "ఒకటీ... రెండూ... మూడూ!" అన్నారు. బాబాయి బంతిని రెండు వేళ్లతో పైకెత్తి, అందరికీ చూపించి, కావాలనే వదిలినట్టు మెల్లగా నేలమీద పెట్టాడు.

"చెల్లదు బాబాయ్," అన్నాను. "చెయ్యితోనో గ్లోవుతోనో పట్టాలి. తుండుగుడ్డ పనికిరాదు."

"తుండుగుడ్డ పట్టింది చేతులు కావా?"

"అయినా చెట్టును తాకింది, గీత అవతల చెట్టు..."

"చెట్టు కిన్నెరసానిలో లేదు గదా సారూ?"

ఇందులో కిన్నెరసాని ఎందుకొచ్చిందో అడుగుదామని పక్కనున్న రెండో కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఎవరో నాకూ ఒక టీ తెచ్చిచ్చారు. గ్రౌండులో పిల్లలు ఇంకో బంతి తీసుకుని ఆట మొదలెట్టేశారు.