బసవన్నను ముట్టుకోకుండా రీఫ్యాక్టరింగ్

నంద్యాల జిల్లాలో సాఫ్ట్‌వేర్ ఎక్కడ బాగా నేర్పుతారంటే నేను యాగంటి పేరే చెబుతాను. అక్కడి గుడిలో రాతి బసవన్న పెరుగుతుంటాడు. ఇరవై ఏళ్లకో అంగుళమని పురావస్తు శాఖవాళ్లు లెక్క కట్టారంటారు. ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లట, ఇప్పుడు మనిషి పట్టడు. స్తంభం ఒకటి తీసేయాల్సి వచ్చిందట కూడా. తీసింది స్తంభాన్ని, గమనించారా? స్వామి జోలికి ఎవరూ పోలేదు.

లైనక్స్ కెర్నల్‌లో ప్రాసెసర్‌ను నిద్రలేపే కోడ్‌ను ‘పునర్వ్యవస్థీకరించే’ మహానుభావులు చేసేదీ అదే.

మీ బల్లమీది 64 బిట్ల ఇంటెల్ ప్రాసెసర్ స్విచ్ వేయగానే తాను 1978 నాటి 8086నే అనుకుంటూ లేస్తుంది. పెళ్లికొడుకు పీటలమీద ముందు తాత వేషం, తర్వాత నాన్న వేషం కట్టి, ఆఖర్న తాళి కట్టినట్టు 16, 32, 64.

ఇంకా విడ్డూరం ఏ20 తీగది. 8086కు అడ్రస్ తీగలు ఇరవయ్యే. ఒక మెగాబైటు దాటితే లెక్క మళ్లీ సున్నాకొచ్చేది. కొన్ని ప్రోగ్రాములు ఆ లోపాన్నే నమ్ముకుని బతికాయి. 80286తో తీగలు 24 అయ్యాయి. పాతవాళ్లు నొచ్చుకుంటారని 1984లో ఐబీఎం తన ఏటీ యంత్రంలో 21వ తీగకు, అంటే ఈ ఏ20కే, గొళ్లెం పెట్టి, దాని పెత్తనం కీబోర్డు చిప్పుకిచ్చింది. గర్భగుడి తాళంచెవి చెప్పుల స్టాండు కుర్రాడికిచ్చినట్టు! ఆ గొళ్లెం తీసే ఫైలు లైనక్స్‌లో ఇప్పటికీ ఉంది. బయోస్‌ను అడుగుతుంది, కీబోర్డును బతిమాలుతుంది, ఇంకో దొడ్డిదారి పడుతుంది. అయినా తెరుచుకోకపోతే 255 సార్ల దాకా తిరుగుతుంది. యాగంటిలో పోయిన ప్రదక్షిణలన్నీ ఇక్కడ తేలాయి.

2007లో లైనక్స్‌లోని ఈ కోడ్‌కు థామస్ గ్లైక్స్‌నర్, ఇంగో మోల్నార్ 32, 64 బిట్ల కొంపలు రెండింటినీ ఒకటి చేశారు. ఎలా? ఒకే గుమ్మం, లోపల రెండు పొయ్యిలు. ఫైళ్లకు _32, _64 అని తోకలు తగిలించి పక్కపక్కన కూర్చోబెట్టారు. తర్వాత ఏళ్ల తరబడి చాలావాటిని నిజంగానే కలిపారు, ఆ ఓపికకు దండం. నిద్రలేపే హెడ్ ఫైళ్లు మాత్రం నేటికీ రెండే. ఈ పాత వేషాలు వదిలేద్దామని 2023లో ఇంటెల్లే ప్రతిపాదించి, 2024 చివర్లో తనే వెనక్కి తీసుకుంది. బసవన్న కదల్లేదు.

అగస్త్యుడి శాపంతో యాగంటిలో కాకి వాలదంటారు. స్టార్టప్ ఫైలుమీద రివ్యూయర్ కూడా వాలడు.

నేను పనిచేసిన ఒక కంపెనీలో ఈ ‘సంస్కరణ’ మూడు నెలలు సాగింది. నలభై స్లయిడ్లు, రెండు కేకులు. మార్పు తెరిచి చూస్తే ఫైలు ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు మారింది, అంతే. అందరూ చప్పట్లు కొడుతుంటే మార్పులు నమోదు చేసే గిట్ ఒక్కటే మొహమాటం లేకుండా ‘పోలిక 100 శాతం’ అని రాసింది.

తర్వాత కొత్త బోర్డు వచ్చింది. కరెంటిచ్చాం. నల్ల తెర. వీరబ్రహ్మంగారు చెప్పినట్టు యాగంటి బసవన్న కలియుగం చివర రంకె అయినా వేస్తాడు. ఇక్కడ అక్షరం ముద్రించే ఏర్పాటే ఇంకా నిద్ర లేవలేదు, ఏడుపైనా వినబడదు.

‘‘ఇప్పుడెందుకండీ పెంట? పాత ఫైలు కాపీ కొట్టి, చివర _2 అని పెట్టేయండి’’ అన్నారు మా మేనేజరు.

పెట్టేశాం. బసవన్న అంగుళం పెరిగాడు. ఇరవై ఏళ్లు పట్టలేదు, మధ్యాహ్నం టీ లోపే.