ఫ్రిజ్జు చీటీ: టీకా తాత్పర్య సహితం

మూలం

పాలు అయిపోయాయి. రేపు ఆదివారం.
సీసాలు ఇవాళే.
పోపుకు ముందు కిటికీ.
పది దాటాక మిక్సీ వద్దు.
పోస్టుడబ్బా మీద పేరు చేర్చాలి.

అవతారిక

ఈ పంచవాక్య గ్రంథం జర్మనీ దేశంలో, స్టట్‌గార్ట్ నగరంలో, ఒక అద్దె ఇంటి ఫ్రిజ్జు తలుపు మీద అయస్కాంతం కింద లభించింది. ఆధారం పసుపు చీటీ. లిపి తెలుగు. కాలం ఒక శనివారం ఉదయం. కర్త తెనాలివాడు, కార్ల సాఫ్ట్‌వేర్ పని మీద ఆ ఊరు చేరి మూడేళ్లయినవాడు. చీటీ ఎవరికోసం పుట్టిందో ఆ ఇల్లాలు కరీంనగర్ ఆడపడుచు. పెళ్లయి ఆర్నెల్లయింది. అందులో నాలుగు నెలలు వీసాకే సరిపోయాయి. కాబట్టి ఇద్దరూ ఒక చూరు కింద గడిపింది రెండు నెలలు.

అష్టవిధ నాయికల్లో ఈమె ఎవరో తేల్చకుండా టీక మొదలుపెట్టడం మర్యాద కాదు. వీసా రాని రోజుల్లో ఆమె ప్రోషితభర్తృక, సందేహం లేదు. ఇప్పుడు భర్త ఉదయం ఏడున్నరకు రైలెక్కి సాయంత్రం ఆరింటికి దిగుతాడు గనక పగలు ప్రోషితభర్తృక, రాత్రి స్వాధీనపతిక అని నిర్ణయం. శనాదివారాల సంగతి భరతముని చెప్పలేదు. ఇక రసం: ఈ చీటీలో శృంగారం ఎక్కడుందని అడిగేవారు మూడో వాక్యం దాకా ఆగాలి.

ప్రథమ వాక్యం

పాలు అయిపోయాయి. గ్రంథారంభంలో మంగళాచరణం లేదని కర్తను తప్పుపట్టడానికి లేదు, పాలు మంగళద్రవ్యమే. తప్పంతా క్రియలో ఉంది. తెలుగిళ్లలో బియ్యమూ నూనే పాలూ అయిపోవు, నిండుకుంటాయి. ఒంటి బతుకులో ఈ మర్యాద మరుగున పడిందని ఊహించాలి.

ఏ పాలు? మూలం చెప్పదు, దుకాణం అడుగుతుంది. చల్లటి అరలో ఉన్నవి తాజా పాలు. ఫ్రిజ్జుతో పనిలేకుండా బయట గుట్టలుగా పేర్చినవి హా-మిల్ష్, అంటే బాగా ఎక్కువ వేడి మీద శుద్ధి చేసి నెలల తరబడి నిలవుండేలా మూసినవి. రెండు రకాల్లోనూ కొవ్వు 3.5 శాతం ఉన్నవీ 1.5 శాతం ఉన్నవీ వేర్వేరు. కర్త బ్రహ్మచర్య కాలంలో 1.5 హా-మిల్ష్‌తో కాఫీ తాగి, పెరుగు డబ్బాల్లో కొనుక్కుని కాలక్షేపం చేశాడు. తోడువేసే మనిషి ఇంటికి వచ్చాక 3.5 తప్పనిసరైంది. అయితే చలికాలం వంటింట్లో పాలు తోడుకోవు. గిన్నెను ఓవెన్‌లో పెట్టి, వేడి పెట్టకుండా లోపలి దీపం ఒక్కటే వెలిగించి రాత్రంతా వదిలేయాలి. ఓవెన్‌తో వచ్చే పుస్తకంలో ఈ ప్రయోగం ఉండదు. పాతకాపులు కొత్తకాపులకు చెప్పుకునే విద్య ఇది.

రేపు ఆదివారం. ఇది విడి వాక్యంలా కనిపించినా మొదటిదానికి హేతువు. జర్మనీలో ఆదివారానికి సెలవు అన్న మాట చాలదు, దానికి రాజ్యాంగమే కాపలా. 1919 నాటి వైమార్ రాజ్యాంగం 139వ అధికరణంలో ఆదివారాన్నీ పండుగ రోజులనూ పనికి విరామంగా, మనసుకు ఉన్నతిగా చట్టరక్షణలో పెట్టారు. ఆ రాజ్యాంగం పోయింది. ఈ అధికరణం పోలేదు. 1949 నాటి రాజ్యాంగం తన 140వ అధికరణం ద్వారా దాన్ని యథాతథంగా తనలో కలుపుకుంది. కనుక శనివారం మరచిన పాలపొట్లం కోసం ఆదివారం కొట్టు తెరవలేదని విసుక్కోవడం ఒక గణతంత్రంతో వాదానికి దిగడమే.

శంక: రైల్వే స్టేషన్‌లో దుకాణం తెరిచే ఉంటుంది, పెట్రోలు బంకులో పాలు దొరుకుతాయి, బేకరీ కూడా పొద్దున కాసేపు తీస్తారు. మరి చీటీ ఎందుకు?

సమాధానం: దొరుకుతాయి, ధర ఎక్కువ. పైగా ఆదివారం ఉదయం పాలకోసం పెట్రోలు బంకు దాకా నడిచినవాడికి, చీటీ రాసే అలవాటు అప్పుడే పుడుతుంది. ఈ గ్రంథానికి పూర్వకథ అదే.

ద్వితీయ వాక్యం

సీసాలు ఇవాళే. క్రియ లేదు. ఇది కర్త బద్ధకమని ఒక వ్యాఖ్యాత అంటాడు గాని, ఆయన కొత్త కాపురం చూసినట్టు లేదు. క్రియ పెడితే ‘ఇచ్చిరా’ అనాలా, ‘ఇచ్చిరండి’ అనాలా అన్న ప్రశ్న వస్తుంది. చీటీ మొత్తంలో అయిపోయాయి, వద్దు, చేర్చాలి అన్నవే తప్ప నువ్వునో మీరునో పట్టిచ్చే క్రియ ఒక్కటీ లేదు. సంబోధన అసలే లేదు. ఆమె వైపు నుంచీ అంతే: ఫోనులో స్నేహితురాలితో ‘మా ఆయన’, ఎదురుగా ఉన్నప్పుడు ‘ఇదిగో’. రెండు నెలల్లో ఇంతకన్నా తేలదు.

ఇక సీసాలు అన్నచోట శ్లేష. మొదటి అర్థం, డబ్బు తిరిగొచ్చే సీసాలు. జర్మనీలో నీళ్లు, కూల్‌డ్రింకులు కొన్నప్పుడు సీసాకు బయానా కడతారు, దాని పేరు ఫాండ్. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాకూ రేకు డబ్బాకూ 25 సెంట్లు. కడిగి మళ్లీ నింపే ప్లాస్టిక్ సీసాకు సాధారణంగా 15, మామూలు బీరు సీసాకు 8. దుకాణంలోని యంత్రం నోట్లో ఒక్కొక్కటే పెడితే రసీదు వస్తుంది, అది బిల్లులో తగ్గుతుంది. ఇల్లాలు వచ్చిన వారానికి బాల్కనీ మూలన గోనెసంచి నిండా ఇవే బయటపడ్డాయి. అందులో 8 సెంట్ల జాతి ఎన్ని అన్నది టీకాకారుడు లెక్కపెట్టలేదు. ఆమె పెట్టింది.

రెండో అర్థం, జాము సీసాలు, పచ్చడి సీసాలు. వీటికి పైసా రాదు. వీధి చివరి పెద్ద తొట్లలో తెల్లవి, గోధుమవి, పచ్చవి విడివిడిగా వేయాలి. నీలం సీసా ఎటూ చెందదు గనక పచ్చవాటితో పోవాలి. గాజు పగిలే చప్పుడు ఇరుగుపొరుగుకు వినబడుతుంది కాబట్టి రాత్రిళ్లూ ఆదివారాలూ నిషేధం. యంత్రం దుకాణంలో ఉంది, దుకాణం ఆదివారం తెరవరు. తొట్టి వీధిలోనే ఉంది, వీధికి మాత్రం ఆదివారం ఉంది. ఏ అర్థం తీసుకున్నా ‘ఇవాళే’ అన్న పదం అన్వయిస్తుంది. చిన్న వాక్యంలో ఇంత పని కనబడటం అరుదు.

తృతీయ వాక్యం

పోపుకు ముందు కిటికీ. ‘తెరవాలి’ అని అధ్యాహారం. ఇంగువ, ఎండుమిరపకాయ, కరివేపాకు కాగిన నూనెలో పడ్డప్పుడు పుట్టే పొగ వంటింట్లో ఆగదు, నడవాలోకి వెళ్తుంది. నడవాలో పొగ పసిగట్టే గంట ఉంటుంది. స్టట్‌గార్ట్ ఉన్న బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో పాత ఇళ్లన్నిటికీ 2014 చివరికల్లా ఈ గంట బిగించాలని చట్టం. పడకగదుల్లో, పిల్లల గదుల్లో, బయటికి పారిపోయే దారిలో ఉండాలి. వంటిల్లు ఆ జాబితాలో లేదు, నడవా ఉంది. ఆవాలు చిటపటమనడం, గంట కుయ్యిమనడం, పొరుగాయన తలుపు తట్టడం అన్న క్రమం ఒకసారి జరిగితే చాలు, రెండోసారికి సూత్రం పుడుతుంది.

కిటికీ తెరవడం కూడా నేర్వవలసిన విద్యే. జర్మన్ కిటికీ పిడికి మూడు స్థితులు: కిందికి ఉంటే మూత, అడ్డంగా తిప్పితే తలుపులా బార్లా, పైకి తిప్పితే పైభాగం మాత్రం లోపలికి వాలుతుంది. మూడోది చూసి కొత్తవారు కిటికీ ఊడి మీద పడుతోందని హడలిపోతారు. పోపుకు బార్లా తెరవాలి. పోపు లేకపోయినా చలికాలంలో రోజుకు రెండు మూడుసార్లు అయిదు, పది నిమిషాలు బార్లా తెరిచి మూయాలి. లేకపోతే అన్నం వార్చిన ఆవిరీ స్నానాల ఆవిరీ చల్లటి గోడ మీద చేరి బూజు పడుతుంది, ఆ బూజుకు జవాబుదారీ ఎవరని ఇంటి యజమానితో పేచీ. ఈ గాలి మార్పిడికి ష్టోస్‌ల్యుఫ్టెన్ అని పేరు. మైనస్ డిగ్రీల్లో వేడి గదికి కిటికీ బార్లా తీయమనడం కరీంనగర్ పిల్లకు మొదట పిచ్చిగా తోచింది, తోచదా మరి.

ఇప్పుడు రసం. తెనాలి ఇంట్లో పుట్టి పెరిగినవాడు తిరగమోత అంటాడు. ఆ ఇంట్లో పోపు అన్నది పోపులపెట్టెకే పరిమితం. కర్త మూడేళ్లు ఒంటరిగా వండుకున్నప్పుడు తల్లికి ఫోను చేసి అడిగింది కూడా తిరగమోత ఎప్పుడు వేయాలనే. చీటీలో మాత్రం ‘పోపు’ అని ఉంది, అది ఆమె మాట. దస్తూరీ చూస్తే అన్యుల ప్రక్షేపం కాదు, ఆయన చేతిరాతే. రాసేటప్పుడు ఆయన గమనించాడా? గమనించలేదనే ఈ వ్యాఖ్య మతం. గమనించి ఉంటే కొట్టేసి ఉండేవాడు.

చతుర్థ వాక్యం

పది దాటాక మిక్సీ వద్దు. మిక్సీ ఆమె సామానుతో వచ్చింది. అమెరికా వెళ్లే పెళ్లికూతుళ్ల మిక్సీలకు అక్కడి 120 వోల్టులతో పేచీ. జర్మనీలో కరెంటు మన దేశంలోలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మోటారుకు ఏ ఇబ్బందీ లేదు, మూడు పుల్లల ప్లగ్గు మాత్రం అక్కడి గుండ్రటి సాకెట్‌లో దూరదు, ఎర్తు కలిసే అడాప్టరు కావాలి. కూడా వచ్చిన అల్యూమినియం కుక్కరుకు ఆ అదృష్టం లేదు. ఇండక్షన్ పొయ్యి దాన్ని గిన్నెగానే గుర్తించలేదు, అయస్కాంతం అంటుకునే అడుగు ఉంటేనే ఆ పొయ్యి పలుకుతుంది.

రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నిశ్శబ్ద వేళ. అద్దె ఇళ్ల నియమావళుల్లో మామూలుగా ఉండేదే. ఈ వాక్యం పక్కన అంచులో మరో దస్తూరీతో ఒక ప్రశ్న ఉంది: ‘మరి పప్పెప్పుడు రుబ్బాలి?’ గ్రంథంలో నాయిక గొంతు వినబడేది ఇక్కడొక్కచోటే. వ్యాఖ్యాతలంతా దీన్ని వదిలేశారు. జవాబు చెప్పకపోతే వచ్చే ఆదివారానికి దోసె ఉండదు గనక ఈ వ్యాఖ్య వదలదు.

మినప్పప్పు శుక్రవారం రాత్రి నానాలి. అది మామూలు సూపర్‌బజారులో దొరకదు, శ్రీలంక తమిళుల కొట్లోనో మనవాళ్ల కొట్లోనో తేవాలి. శనివారం ఉదయం తొమ్మిదికీ పదకొండుకీ మధ్య రుబ్బాలి. పిండి పాలగిన్నెలాగే దీపం వెలిగిన ఓవెన్‌లోకి వెళ్లాలి. అయితే ఆ రాత్రి ఓవెన్‌లో ముందు ఏది, పెరుగా పిండా? పిండికే పెద్దపీట, అది పొంగడానికి ఎక్కువసేపు పడుతుంది. ఆదివారం పగలు రెండు నిమిషాల చట్నీ మిక్సీని ఎవరూ పట్టించుకోరని ఒక పక్షం. కింది వాటా పెద్దావిడ ఆ పక్షంలో లేదు. చట్నీ కూడా శనివారమే.

మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ పట్టిన వ్యాఖ్యాత మెదక్ జిల్లా కొల్చారం మల్లినాథసూరి. ఆ దారిన పోతే, స్టట్‌గార్ట్ ప్రాంతంలో వాటాలవారీగా వంతు పెట్టుకుని మెట్లూ వాకిలీ ఊడ్చే కేర్‌వోహె ఆచారాన్ని గురించీ, వంతు వచ్చిన ఇంటి తలుపుకు పలక తగిలించి వెళ్లడం గురించీ, కళ్లాపి చల్లే ఊరి పిల్లకు ఆ పలక చూసి నవ్వొచ్చిన సంగతీ ఇక్కడ రాయకూడదు.

పంచమ వాక్యం

పోస్టుడబ్బా మీద పేరు చేర్చాలి. తడి చేయి తగిలి ‘చే’ అన్న అక్షరం అలుక్కుపోయింది. అందుచేత పాఠాంతరం: ‘మార్చాలి’. ఇది తెనాలి శాఖవారి పాఠం, వీడియో కాల్‌లో చీటీ చూసిన అత్తగారు అలాగే చదివారు. ‘చేర్చాలి’ కరీంనగర్ శాఖది. రెంటిలో సాధువేదో పోస్టు పద్ధతిని బట్టి తేలుతుంది.

జర్మన్ చిరునామాలో సాధారణంగా వీధి, ఇంటి నంబరే తప్ప ఫ్లాట్ నంబరు ఉండదు. ఒక భవనంలో పది వాటాలున్నా, పోస్టుమాన్ డబ్బా మీద ఇంటిపేరు చూసే వేస్తాడు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు, యజమాని సంతకం చేసిన పత్రంతో పురపాలక కార్యాలయంలో నమోదు చేసుకోవాలి. ఆమె చేసుకుంది, పాస్‌పోర్టులో ఉన్న పుట్టింటి ఇంటిపేరుతోనే. ఆరోగ్య బీమా కార్డు, బ్యాంకు కార్డు, భాషా తరగతుల కాగితాలు అన్నీ ఆ పేరు మీదే వస్తాయి. జీవితభాగస్వామి కోసం వచ్చినవారు చేరే ఇంటిగ్రేషన్ కోర్సులో భాషకు 600 గంటలు, దేశ పరిచయానికి 100. అందులోకి పిలిచే ఉత్తరం కూడా ఆ డబ్బాలోనే పడాలి. ఈ కారణాల చేత ‘చేర్చాలి’ అన్నదే సాధుపాఠం. అత్తగారికి ఈ నిర్ణయాన్ని పోస్టాఫీసు నిబంధనగా విన్నవించారు.

రెండు ఇంటిపేర్లూ ఆ చిన్న పట్టీలో పట్టవు. అక్షరాలు చిన్నవి చేసి ఒకదాని కింద ఒకటి ముద్రించారు. పైన ఎవరిది, కింద ఎవరిది అన్న విషయంలో మూలం మౌనం.

పేరు చేరిన తరువాత ఆమెకు వచ్చిన మొదటి ఉత్తరం రేడియో, టీవీ చందా వసూలు సంస్థది. నమోదు కాగితం నుంచి పేరు అందుకుని వాళ్లే రాస్తారు. ఇంట్లో టీవీ ఉందా లేదా అన్నదానితో వాళ్లకు పని లేదు, ఇంటికి నెలకు 18.36 యూరోలు. అది భర్త మూడేళ్లుగా కడుతూనే ఉన్నాడు. మనుషులెందరున్నా ఇంటికి ఒకటే చందా గనక, ఆయన పేరిట ఉన్న తొమ్మిదంకెల సంఖ్యను జవాబు కాగితంలో రాసి పంపాలి. దాంతో ఆ వ్యవహారం తెగుతుంది.